మిద్దె మీద బాత్రూం కడుతున్నారా? స్లాబ్‌కు రంధ్రం కొట్టే ముందు ఇది చూడండి!

మిద్దె మీద ఒక గది వేసేశారు. కొత్తగా పెళ్లయిన కొడుక్కో, తిరుపతిలో ఉద్యోగం చేసుకునేవాళ్లకు అద్దెకో ఇద్దామనుకున్నారు. అంతా బాగానే ఉంది కానీ.. రాత్రి రెండు గంటలకు బాత్రూంకి పోవాలంటే మెట్లు దిగి కింది ఇంటి తలుపు కొట్టాల్సిందే. తిరుపతి, పుత్తూరు మధ్య చెన్నై రోడ్డు మీదున్న వడమాలపేట లాంటి ఊళ్లలో ఇది కొత్త సమస్య కాదు. అందుకే మెట్ల గది పక్కనో, మెట్ల వాలు కిందో మిగిలిన కాస్త జాగాలో టాయిలెట్, స్నానం రెండూ కలిపి కట్టేయాలని చూస్తారు. కట్టడం పెద్ద పనేం కాదు. తేడా కొడితేనే అసలు కష్టం.. కింద అమ్మ వంట చేసుకునే చోట సీలింగ్ నుంచి చుక్కలు రాలుతాయి!

ఎంత జాగా కావాలి?

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం టాయిలెట్, స్నానం కలిపి ఉన్న గది కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలి. అంటే సుమారు 30 చదరపు అడుగులు. వెడల్పు 4 అడుగులకు తగ్గకూడదు. 4 అడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు ఉంటే సరిపోతుందన్నమాట. ఎత్తు కనీసం 2.1 మీటర్లు, అంటే దాదాపు 7 అడుగులు.

మెట్ల వాలు కింద ఈ ఎత్తు అంతటా దొరకదు. విదేశాల్లో వాలు కప్పు కింద, మన పాత పెంకుటిళ్ల అటక లాంటి చోట బాత్రూం పెట్టేవాళ్లు ఒక ఉపాయం చేస్తారు. కమోడ్ ట్యాంకును తక్కువ ఎత్తున్న గోడ వైపు పెట్టి, మనిషి లేచి నిలబడే చోటు, స్నానం చేసే చోటు ఎత్తున్న వైపు ఉంచుతారు. మనకూ అదే పనికొస్తుంది. తలుపు మాత్రం బయటకి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా కళ్లు తిరిగి పడితే, లోపలికి తెరుచుకునే తలుపు వాళ్లకే అడ్డం పడుతుంది.

స్లాబ్ జోలికి పోవద్దు

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. కింది అంతస్తులో బాత్రూం కోసం ముందే స్లాబ్‌ను పల్లంగా దించి పోస్తారు. మిద్దె మీద అలా ఉండదు. దీంతో పైపు దించడానికి స్లాబ్‌కు రంధ్రం కొట్టేస్తారు. కమ్మీలు తెగుతాయి, ఆ రంధ్రం చుట్టూనే నీరు దిగుతుంది. కొన్నేళ్లకు కమ్మి తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద సిమెంటు పెచ్చులు ఊడుతుంది.

దీనికి విరుగుడు ఉంది. కమోడ్ కొనేటప్పుడు పీ-ట్రాప్ రకం అడగాలి. దాని పైపు నేలలోకి కాకుండా వెనక గోడలోంచి బయటకి పోతుంది. స్నానం నీళ్లు పోయే నహానీ ట్రాప్‌కు మాత్రం కొంత లోతు కావాలి కాబట్టి, బాత్రూం నేలను 6 ఇంచులు లేపితే చాలు. గడప దగ్గర ఒక మెట్టు వస్తుంది, అంతే. కాకపోతే ఎత్తులో అర అడుగు పోతుంది కాబట్టి పైకప్పు ఏడున్నర అడుగుల్లో వేసుకోవాలి.

లేపిన చోట మట్టి, ఇసుక నింపేస్తే? 30 చదరపు అడుగుల్లో 6 ఇంచుల మందానికి దాదాపు 700 కిలోల బరువు పడుతుంది. నీళ్లు చేరితే ఇంకా ఎక్కువ. తేలిక సిమెంటు ఇటుకలు వాడితే ఈ బరువు సగానికి పైగా తగ్గుతుంది. గోడలు కూడా కింది బీముల మీదుగా వచ్చేలా చూసుకోవాలి. వీలైతే కింది బాత్రూం పైనే కట్టడం మేలు. పైపులు సూటిగా దిగుతాయి, కింద పూజగది ఉందని ఇంట్లో పెద్దలతో వాదన కూడా ఉండదు! పాత మట్టి మిద్దెల మీద అయితే ఈ ఆలోచనే వద్దు.

షవర్ ఎందుకు కారదు?

నీళ్ల ట్యాంకు, బాత్రూం రెండూ మిద్దె మీదే ఉంటే నీళ్లకు జోరు ఉండదు. ట్యాంకు 10 అడుగుల ఎత్తున ఉన్నా వచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే. మిద్దె మీద తేడా మూడు నాలుగు అడుగులే ఉంటుంది. అందుకే షవర్ పెట్టినా సన్నగా కారుతుంది. ఫ్లష్ ట్యాంకు నెమ్మదిగానైనా నిండుతుంది, బకెట్ కూడా నిండుతుంది. షవరే కావాలంటే చిన్న ప్రెజర్ పంపు ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. బకెట్, మగ్గు ఉంటే ఆ ఖర్చు లేదు.

గీజర్ విషయంలో మాత్రం సర్దుకుపోవద్దు. ఇంత చిన్న గదిలో గ్యాస్ గీజర్ ప్రాణాంతకం. కిటికీ మూసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది, దానికి వాసన కూడా ఉండదు. కరెంటు గీజర్ పెట్టినా ఎర్తింగ్, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

టాయిలెట్ పైపు 4 ఇంచులది వాడాలి. అడుగుకు పావు ఇంచు వాలు ఇస్తే చాలు. దాని పై చివర బాత్రూం కప్పు కన్నా ఎత్తుకు పోవాలి, లేకుంటే వాసన గదిలోకి తంతుంది. ఎండకు పీవీసీ పెళుసెక్కుతుంది కాబట్టి బయటి పైపుకు రంగు వేయించాలి. స్నానం నీళ్లను వాన నీళ్ల గొట్టంలోకి కలిపేస్తే పని తేలికే కానీ.. ఆ మురుగు వీధిలోకి చేరి పక్కింటి వాళ్లతో గొడవ మొదలవుతుంది. పైన ఇంకో కాపురం వస్తోందంటే కింద సెప్టిక్ ట్యాంకు సరిపోతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి.

టైల్స్‌కు ముందు నీళ్ల పరీక్ష

తిరుపతి వైపు అసలు వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబర్‌లో తిరుపతిని ముంచెత్తింది ఈ కాలంలోనే. అప్పుడు సీలింగ్‌లో తేమ కనిపిస్తే అది మిద్దెదా, బాత్రూందా అని తేల్చడం కష్టం. వానల్లోనే కనిపించే తేమ మిద్దెది కావచ్చు. ఎండాకాలంలోనూ ఆరని మచ్చ అయితే బాత్రూం పైపులనే అనుమానించాలి.

అందుకే వాటర్ ప్రూఫింగ్ పని ఎండలు ఉన్నప్పుడే పెట్టుకోవడం మంచిది. పూత నేలకే కాదు, గోడల మీదకు కనీసం ఒక అడుగు ఎక్కాలి, స్నానం చేసే వైపు ఇంకా పైకి. పూత ఆరాక నహానీకి గట్టిగా గుడ్డ కుక్కి, రెండు ఇంచుల నీళ్లు నింపి రెండు రోజులు వదిలేయాలి. రెండో రోజు సాయంత్రం కింది గదిలోకి వెళ్లి సీలింగ్‌ను చేత్తో తడిమి చూడాలి. పొడిగా ఉంటేనే టైల్స్ మేస్త్రీకి ఫోన్ చేయాలి.