మూతపడిన హోటళ్ళు, మారిన రుచులు: జ్ఞాపకం ఎంత, నిజం ఎంత?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• “పూర్వపు రుచి లేదు” అనే మాటలో కలిసిపోయి ఉన్న వేర్వేరు కారణాలను విడదీయగలుగుతారు.
• కొల్లేరు చేపలు, డెల్టా వరి, వంటనూనెల ఉదాహరణలతో ఆ కారణాలను వివరించగలుగుతారు.
• ఆహారపు రుచికీ, ఆహార భద్రతకూ గల తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో పెద్దవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది: “ఆ హోటలు మూసేశాక అలాంటి పెసరట్టు మళ్ళీ తినలేదు. చేపలూ అంతే, ఇప్పుడన్నీ చెరువు చేపలే.” ఈ మాటను చాదస్తమని కొట్టిపారేయకూడదు, పూర్తిగా నమ్మనూ కూడదు. నిజంగా నాణ్యత పడిపోయి ఉంటే దాని ఫలితం మన ఆరోగ్యం మీద పడుతుంది. పడిపోకుండానే పడిపోయిందనుకుంటే తప్పు లేని రైతునూ వంటవాణ్ణీ నిందిస్తాం. అందుచేత మూడు ప్రశ్నలు వేసుకోవాలి. తినే మనిషి మారాడా? సరుకు మారిందా? వంట, వ్యాపారం మారాయా?

2. తినే మనిషిలో మార్పు

మనం రుచి అని పిలిచేదానిలో ఎక్కువ భాగం వాసనే. జలుబు చేసినప్పుడు కూర చప్పగా అనిపించడానికి కారణం ఇదే. వాసనను గ్రహించే నాడులకు మెదడులో జ్ఞాపకాలకు, భావోద్వేగాలకు సంబంధించిన భాగాలతో దగ్గర సంబంధం ఉంది. అందుకే పోపు వాసన ఒక్కసారిగా అమ్మమ్మ ఇంటిని గుర్తుకు తెస్తుంది. వయస్సు పెరిగేకొద్దీ వాసన పట్టే శక్తి తగ్గుతుంది. పైగా, పెద్దవయస్సు వారిని జ్ఞాపకాలు చెప్పమంటే యౌవనకాలపు సంగతులే ఎక్కువగా చెబుతారని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు.

ఇంకొక విషయం కూడా ఉంది. పాతకాలపు మంచి హోటలు మనకు గుర్తుంటుంది. అదే వీధిలోని నాసి హోటలు గుర్తుండదు. మంచిదాన్ని మాత్రమే దాచుకున్న జ్ఞాపకంతో నేటి హోటళ్ళన్నింటినీ పోల్చడం సరైన పోలిక కాదు.

3. సరుకులో మార్పు: కొల్లేరు చేప

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లు ఇందులో కలుస్తాయి. అదనపు నీరు ఉప్పుటేరు గుండా సముద్రం చేరుతుంది. పూర్వం ఇక్కడి సంతల్లో కొర్రమీను, మట్టగిడస, జెల్ల, గొరక, వాలుగ వంటి సహజమైన చేపలు వచ్చేవి. తరువాతి దశాబ్దాల్లో సరస్సులోనూ చుట్టుపక్కలా చేపల చెరువులు వ్యాపించాయి. వాటిలో పెంచేది ముఖ్యంగా శీలావతి, బొచ్చె. ప్రభుత్వం 1999లో కొల్లేరును వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువు గట్లను తొలగించారు.

కాబట్టి “చేప మారింది” అన్న పెద్దల మాట నిజమే. మొదట, జాతి మారింది. రెండవది, మేత మారింది. చెరువు చేపకు తవుడు, వేరుసెనగ చెక్క వేస్తారు. చిల్లులున్న సంచుల్లో తవుడు నింపి గెడలకు వేలాడదీయడం ఈ ప్రాంతపు పద్ధతి. మూడవది, నీరు. మేత, ఎరువు ఎక్కువైన చెరువులో నీలి ఆకుపచ్చ శైవలాలు పెరుగుతాయి. అవి జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది మొప్పల ద్వారా చేప శరీరంలో చేరి మట్టివాసన ఇస్తుంది.

ఈ మట్టివాసన అపాయకరం కాదు, తగ్గించనూ వచ్చు. పట్టిన చేపను కొన్ని రోజులు శుభ్రమైన పారే నీటిలో ఉంచితే వాసన తగ్గుతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విచ్ఛిన్నమవుతుంది. చేప ముక్కలను ఉప్పు, పసుపు, నిమ్మరసంతో కడిగి చింతపండు పులుసులో ఉడికించే మన ఇళ్ళ అలవాటుకు ఇలా శాస్త్రీయమైన ఆధారం ఉంది.

4. పోయిన రుచి తిరిగి రావచ్చు: డెల్టా వరి

పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్-8 వరిని సాగుచేసి పేరు పొందారు. పొట్టిగా ఉండి పడిపోకుండా అధిక దిగుబడినిచ్చిన ఆ వరి దేశపు ఆహార కొరతను తీర్చడానికి తోడ్పడింది. కాని దాని అన్నం ముతక, చల్లారితే గట్టిపడేది. “పాత బియ్యపు రుచి పోయింది” అన్న ఫిర్యాదు అప్పుడు న్యాయమైనదే. తరువాత మార్టేరు పరిశోధనా స్థానం నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. సాంబ మసూరి అన్నాన్ని నేడు ఇష్టపడి తింటున్నాం. అంటే నాణ్యత ఎప్పుడూ దిగజారుతూనే ఉంటుందన్న భావన సరికాదు. దిగుబడి కోసం వదులుకున్న గుణాన్ని పరిశోధన తిరిగి తేగలదు.

5. హోటళ్ళు ఎందుకు మూతపడతాయి?

హోటలు మూతపడడానికి నాణ్యత తగ్గడమే కారణం కానక్కరలేదు. వారసులు వేరే ఉద్యోగాలకు వెళ్ళడం, అద్దె పెరగడం, దారి మారడం కూడా కారణాలే. గుండుగొలను నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరు వైపు రహదారి ఏర్పడిన తరువాత విశాఖపట్నం వెళ్ళే బండి తాడేపల్లిగూడెం, తణుకు తాకకుండానే వెళ్ళగలదు. బండి ఆగని చోట ఇడ్లీ ఎంత మెత్తగా ఉన్నా అమ్ముడుపోదు. అమెరికాలో రహదారుల వెంట ఒకప్పుడు వేయికి పైగా శాఖలతో వెలిగిన హోవర్డ్ జాన్సన్స్ హోటళ్ళలో చివరిది 2022లో మూతపడింది.

కొన్నిసార్లు మాత్రం వంటే మారుతుంది. మెక్‌డొనాల్డ్స్ సంస్థ 1990లో అమెరికాలో బంగాళాదుంప వేపుళ్ళకు పశువుల కొవ్వు మాని వృక్ష సంబంధమైన నూనె వాడడం మొదలుపెట్టింది. “పాత రుచి లేదు” అన్న అక్కడి వారి మాట భ్రమ కాదు. మన దగ్గరా వేరుసెనగ నూనె స్థానంలో చాలాచోట్ల చవకైన పామాయిల్ వచ్చింది. ఏలూరు పక్కన పెదవేగిలోనే ఆయిల్ పామ్‌పై జాతీయ పరిశోధనా సంస్థ ఉంది. నూనె మారితే గారె వాసన మారుతుంది.

6. రుచి వేరు, భద్రత వేరు

పాతదంతా ఆరోగ్యకరం కాదు. ఆ రోజుల్లో మిఠాయిలకు విరివిగా వాడిన వనస్పతిలో గుండెకు హాని చేసే ట్రాన్స్ కొవ్వులు ఉండేవి. 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో వీటి పరిమితి 2 శాతం. అలాగే పదే పదే కాచిన నూనెలో ‘మొత్తం ధ్రువ పదార్థాలు’ 25 శాతం మించితే దాన్ని వంటకు వాడకూడదు. ఈ హద్దులు దాటాయో లేదో నాలుక చెప్పలేదు, పరీక్షే చెప్పాలి. నురగ కట్టే, నల్లబడి చిక్కబడిన నూనెను మాత్రం మీరు కంటితోనే గుర్తించవచ్చు.

7. సారాంశం

“పూర్వపు రుచి లేదు” అన్నప్పుడు మనిషి, సరుకు, వంట అనే మూడింటిలో ఏది మారిందో విడదీసి చూడాలి. కొల్లేరు చేప విషయంలో సరుకు మారింది. వరి విషయంలో పోయిన గుణం తిరిగి వచ్చింది. మూతపడిన హోటలు విషయంలో కారణం వంటింట్లో కాక రోడ్డు మీద ఉండవచ్చు. భద్రత విషయంలో జ్ఞాపకాన్ని కాక పరీక్షనే ప్రమాణంగా తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. చెరువు చేపకు మట్టివాసన ఎలా వస్తుంది? దాన్ని ఎలా తగ్గించవచ్చు?
2. ఐఆర్-8, సాంబ మసూరి ఉదాహరణలు ఏ భావనను సరిదిద్దుతున్నాయి?
3. మీ ఊరిలో మూతపడిన ఒక హోటలు గురించి ఇద్దరు పెద్దలను విడివిడిగా అడిగి, వారు చెప్పిన కారణాలను పై మూడు ప్రశ్నల కింద వర్గీకరించండి.