కౌలు రైతుకు పుట్టని పంట రుణం

గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలాచోట్ల సాగు చేసేది ఒకరు, పట్టాదారు పాసుపుస్తకం మరొకరిది. 2014లో మొదలైన జన్‌ధన్ యోజన తర్వాత కౌలు రైతుకు బ్యాంకు ఖాతా తెరవడం కష్టమేమీ కాదు. అయితే అతనికి కావలసింది ఖాతా కన్నా ముందు పెట్టుబడి. పాసుపుస్తకం లేనిదే బ్యాంకులో పంట రుణం దొరకడం కష్టం.

1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే అందులో 3 శాతం రాయితీ వస్తుంది, రైతుకు పడేది 4 శాతమే. ఊళ్లో అప్పు తెస్తే నూటికి నెలకు రెండు రూపాయలు, ఒక్కోసారి మూడు. లక్ష రూపాయలు ఆరు నెలలు వాడుకుంటే బ్యాంకులో వడ్డీ 2,000, రెండు రూపాయల లెక్కన 12,000. అది పైకి కనిపించే వడ్డీ. ఎరువుల కొట్లో నగదుకో ధర, అరువుకో ధర. మిర్చి రైతు పెట్టుబడి తెచ్చుకున్న కమిషన్ వ్యాపారికే సరుకు వేయాలి, రేటు పెరిగేదాకా ఆగుతానంటే కుదరదు. పంట పోయినా కౌలు మాత్రం కట్టాల్సిందే.

ఈ చిక్కు విప్పాలని ఉమ్మడి రాష్ట్రం 2011లో చట్టం తెచ్చి, కౌలుదార్లకు ఏడాది గడువుతో రుణ అర్హత కార్డులిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన మరో చట్టం 11 నెలల ఒప్పందం మీద సాగు హక్కు పత్రం ఇవ్వమంది. హక్కు పంట మీదే గాని భూమి మీద కాదని అందులో స్పష్టంగానే ఉంది. కానీ ఒప్పందంపై యజమాని సంతకం తప్పనిసరి చేశారు, కథ అక్కడే అడ్డం తిరిగింది. కాగితం రాస్తే పొలం చేజారుతుందన్న భయం 1956 నాటి కౌలుదారీ చట్టం నుంచీ ఉన్నదే. పైగా అదే సర్వే నంబరుపై యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, కౌలుదారు చేతిలో పత్రమున్నా బ్యాంకు రెండో రుణం ఇవ్వదు. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు కూడా భూమి ఎవరి పేరున ఉంటే వారికే.

భూమి పత్రాలతో పని లేని దారి ఉమ్మడి బాధ్యత సంఘాలది. నాబార్డు ప్రోత్సహించిన ఈ పద్ధతిలో నలుగురి నుంచి పదిమంది దాకా జట్టుగా చేరి, ఒకరికొకరు పూచీ ఉంటారు. ఒకరు ఎగ్గొడితే మిగిలినవారు కట్టుకోవాలి. అందుకే ఎవరు నమ్మకస్తులో ఊరివాళ్లే తేల్చుకుంటారు. తుపాను వస్తే మాత్రం జట్టంతా ఒక్కసారే మునుగుతుంది. అప్పుడు ఆదుకోవాల్సింది పంటల బీమా. అందులో పేరు చేరాలన్నా కౌలుదారు సాగు రుజువు చూపాలి.