ప్రీమియం పెట్రోల్ కొట్టిస్తే కారు నిజంగా బాగా లాగుతుందా?

పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. మొదటిసారి బంక్‌కి వెళ్తే అక్కడి కుర్రాడు "అన్నా, ప్రీమియం కొట్టమంటారా? ఇంజిన్‌కి మంచిది" అన్నాడు. ఫోన్ కొనేముందు స్పెక్స్ మొత్తం జల్లెడ పట్టే నేను, ఇక్కడ ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా తలూపేశా. అలా ఆరు నెలలు. లీటర్‌కి ఎనిమిది తొమ్మిది రూపాయలు ఎక్కువ, నెలకి సుమారు 60 లీటర్లు. మొత్తం 3,000 దాటింది. మంచి ఇయర్‌బడ్స్ వచ్చేవి!

అసలు బంక్‌లో కనిపించే 95, 100 నంబర్లు ఏంటి? ఇంజిన్‌లో గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది, తర్వాత స్పార్క్ ప్లగ్ వెలిగిస్తుంది. ఆ మంట పూర్తిగా పాకేలోపే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలితే దాన్నే నాకింగ్ అంటారు. అలా పేలకుండా పెట్రోల్ ఎంత తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ నంబర్. అందులో ఎంత ఎనర్జీ ఉందో అది చెప్పదు. ఇథనాల్‌నే చూడండి: ఆక్టేన్ 100 పైనే, కానీ లీటర్‌కి వచ్చే ఎనర్జీ పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ.

మన భాషలో చెప్పాలంటే, 33 వాట్స్ మాత్రమే తీసుకునే ఫోన్‌కి 120 వాట్స్ చార్జర్ పెట్టినట్టు. ఫోన్‌కి నష్టం లేదు, లాభమూ లేదు. టర్బో ఇంజిన్లు, కంప్రెషన్ ఎక్కువున్న ఇంజిన్ల కథ వేరు. వాటిలో నాక్ సెన్సర్ తేడా పసిగట్టగానే ఈసీయూ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, దాంతో పవర్ తగ్గుతుంది. ఎక్కువ ఆక్టేన్ కోసమే ట్యూన్ చేసిన ఇంజిన్‌లో ప్రీమియం పోస్తే ఆ పవర్ తగ్గకుండా ఉంటుంది. 2020 డిసెంబర్‌లో ఇండియన్ ఆయిల్ తెచ్చిన ఎక్స్‌పీ100 లాంటివి అలాంటి ఖరీదైన కార్లు, బైకుల కోసమే.

మీది ఏ రకమో ఫ్యూయల్ లిడ్ లోపలి స్టిక్కర్ మీదో, ఓనర్స్ మాన్యువల్‌లోనో ఉంటుంది. నా కారుకి 91 ఆర్‌వోఎన్ చాలని రాసుంది. ఆరు నెలలు ఆ మూత తీస్తూనే ఉన్నా, చదవలేదు! ఇంకోటి, అమెరికా యూట్యూబ్ వీడియోల్లో "రెగ్యులర్ 87" అంటే మనకంటే నాసిరకం అనుకోకండి. వాళ్ల లెక్క వేరు, అది మన లెక్కలో 91 దగ్గర ఉంటుంది.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఆక్టేన్ 95 అని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. బీఎస్-4 రోజుల్లో అది 91. అంటే 95 ప్రీమియంకి నంబర్‌లో ఉన్న ఆధిక్యం దాదాపు పోయినట్టే. మిగిలింది ఇంజెక్టర్లని శుభ్రంగా ఉంచే అడిటివ్స్. అవి పనికిరావని అనను, కానీ నెలకి 500 పెట్టేంత తేడా నాకైతే కనిపించలేదు. ప్రీమియం అంటే ఇథనాల్ ఉండదనుకునేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, ఆ గ్యారంటీ ఏమీ లేదు.

తర్వాత రెండు నెలలు మామూలు పెట్రోల్‌తో ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ మైలేజ్ లెక్కేశా. తేడా అర కిలోమీటర్ కూడా రాలేదు, అదీ ట్రాఫిక్‌ని బట్టే. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ నుంచి టక టక మని లోహపు శబ్దం వస్తుంటే మాత్రం ఒకటి రెండు ట్యాంకులు ప్రీమియం పోసి చూడండి. అయినా ఆగకపోతే బంక్ మార్చడం కాదు, మెకానిక్‌కి చూపించాలి.

ఆ కుర్రాడు ఇప్పటికీ అడుగుతాడు. "మామూలుదే కొట్టు తమ్ముడూ" అంటున్నా.