బొంకులదిబ్బ మీదుగా సంగీత కళాశాలకి

విశాఖపట్నానికి గంట దూరంలో ఉండడమే విజయనగరానికి చేటైంది. అరసవల్లి, శ్రీకూర్మం వెళ్లేవాళ్లు దారిలో ఓసారి కోట ముందు ఆగి, ఫొటో తీసుకుని, పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకుని బండెక్కేస్తారు. ఊరు చూసేశామంటారు. విజయనగరం అలా చూస్తే కనబడే ఊరు కాదు. ఈ ఊరి గొప్ప రాళ్లలో కన్నా బళ్లలో, పేర్లలో, సాయంత్రాలు కిటికీల్లోంచి వినబడే స్వరాల్లో ఉంది. దానికి తీరిక కావాలి.

మేమిద్దరం ఇక్కడే చదువుకున్నాం. నేను మహారాజా కళాశాలలో, మా ఆవిడ సంగీత కళాశాలలో. పెళ్లయ్యాక ఉద్యోగాలు మమ్మల్ని ఊళ్లు తిప్పాయి. మధ్యలో పెళ్లిళ్లకీ పేరంటాలకీ వచ్చి వెళ్లడమే తప్ప ఊరు తిరిగింది లేదు. ఇన్నాళ్లకి బాధ్యతలు తీరి, చుట్టాల ఇళ్లకి కూడా చెప్పకుండా లాడ్జిలో దిగాం. మొదటి పూట నాకు పాత అలవాటు పోలేదు. “ఏటండీ, మళ్లీ గడియారం చూస్తన్నారు? ఎవరు తరుముతన్నారు మనల్ని?” అంది మా ఆవిడ. అక్కణ్ణుంచి నడక మొదలైంది.

కోటకి 1713లో శంకుస్థాపన జరిగింది. అది విజయనామ సంవత్సరం. విజయదశమి, జయవారమని పిలుచుకునే మంగళవారం, రాజు పేరు విజయరామరాజు, ఊరి పేరు విజయనగరం. ఇలా ఐదు విజయాలు కలిశాయని ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెబుతారు. నాలుగు పక్కలా బురుజులు, చుట్టూ కందకం ఉన్న ఈ రాతికోటలో ఇప్పుడు పుస్తకాల సంచులు కనబడతాయి. పూసపాటి వంశీకులు పి.వి.జి. రాజు 1958లో నెలకొల్పిన మాన్సాస్ ట్రస్టు కళాశాలలు లోపల నడుస్తున్నాయి. దేశంలో ఎన్నో కోటలు హోటళ్లయ్యాయి, కొన్ని గబ్బిలాలకి మిగిలాయి. ఇక్కడ సింహద్వారంలోంచి ఆడపిల్లలు క్లాసులకి పరుగెత్తుతుంటే, కోటకి ఇంతకంటే మంచి ఉపయోగం ఉండదనిపించింది.

కోట దగ్గరే బొంకులదిబ్బ. తెలుగు చదువుకున్నవాళ్లు ఆ పేరు వినగానే ఆగిపోవాలి. ‘కన్యాశుల్కం’ తెర లేచేది ఇక్కడే. గిరీశం మొట్టమొదట మనకి కనబడేది ఈ నేల మీదే. ఆ నాటకాన్ని 1892లో జగన్నాథ విలాసినీ సభ వారు ఈ ఊళ్లోనే ఆడారు. 1897లో అచ్చయ్యింది, ఆనంద గజపతి మహారాజుకి అంకితమైంది. దాన్ని రాసిన గురజాడ ఇక్కడి కళాశాలలో చదివారు, అక్కడే పాఠం చెప్పారు, సంస్థానంలో కొలువు చేశారు, 1915లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. బడిలో ఆయనకి సహాధ్యాయి శ్రీకాకుళం ప్రాంతపు గిడుగు రామమూర్తి. ఒకరు జనం మాటతో నాటకం రాశారు. మరొకరు ఆ మాటకి పుస్తకాల్లో చోటివ్వాలని జీవితమంతా పోట్లాడారు. ఈ రోజు ఈ పత్రికని మీరు ఇంత తేలిగ్గా చదవగలుగుతున్నారంటే ఆ ఇద్దరి స్నేహానికి అందులో వాటా ఉంది. మొజార్ట్ పుట్టిన ఇల్లు ఉందని సాల్జ్‌బర్గ్‌కి ప్రపంచమంతా వెళుతుంది. గురజాడ ఉన్న ఇంటికి తెలుగువాళ్లం మనమైనా వెళ్లాలి కదా!

సాయంత్రం సంగీత కళాశాల వైపు వెళ్లాం. దగ్గరవుతున్నకొద్దీ మా ఆవిడ నడక మారింది. ముందు వాద్యాలు వినబడ్డాయి. ఒక గదిలో సరళీస్వరాలు, ఇంకో గదిలో వయొలిన్ మీద అదే వరుస మళ్లీ మళ్లీ, దూరంగా మృదంగం. గేటు దగ్గర నిలబడి ఆవిడ చేతి వేళ్లతో తాళం లెక్కపెట్టుకుంటోంది. నేను కదిలించలేదు.

1919లో మహారాజు విజయరామ గజపతి ఈ గానపాఠశాల పెట్టారు. తన కొలువులోని ఒకరి కొడుకు కళ్లు లేని కుర్రాడు. ఆ పిల్లాడికి సంగీతం చెప్పించాలన్న ఆలోచన నుంచి ఇంత పెద్ద బడి పుట్టింది. మొదటి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గరి అజ్జాడలో పుట్టిన ఆ మనిషి కాలికి గజ్జె కట్టి కథ చెప్పడమే కాదు, ఉమర్ ఖయ్యాం రుబాయీలని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చారు. వయొలిన్‌కి ద్వారం వెంకటస్వామి నాయుడు. విద్యార్థిగా చేరడానికి వచ్చిన ఆ 26 ఏళ్ల యువకుడి వాయిద్యం విని ఆచార్యుడిగానే నియమించారని చెబుతారు. 1936లో దాసుగారి తర్వాత ఆయనే అధ్యక్షులయ్యారు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల ఈ ఊళ్లో మధుకరం ఎత్తి, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని చదువుకున్నారు. ఆయనకి గాత్రం నేర్పి కడుపులో పెట్టుకుని చూసినవారు పట్రాయని సీతారామశాస్త్రి, జనం నోట సాలూరు చిన గురువుగారు. ఈ ఊరి ఆడపడుచు పి. సుశీల కూడా ఈ కళాశాల విద్యార్థినే. తెలుగువాళ్లు ఏ దేశంలో ఉన్నా వాళ్ల చెవిలో మోగే రెండు గొంతులు ఒకే బడిలోంచి వచ్చాయి. ఘంటసాలకి ఆ అన్నం పెట్టిన ఇల్లాళ్లలో చాలామంది పేర్లు ఎక్కడా రాసి లేవు. విజయనగరం గురించి ఎప్పుడు తలుచుకున్నా నాకు ముందు దండం పెట్టాలనిపించేది వాళ్లకే.

మర్నాడు పైడితల్లి చదురుగుడికి వెళ్లాం. అమ్మవారి రెండో గుడి, వనంగుడి, రైల్వేస్టేషన్ దగ్గర ఉంది. అమ్మవారి కథ బొబ్బిలి యుద్ధంతో ముడిపడింది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులతో విజయరామరాజు బొబ్బిలి కోటని కూల్చాడు. గెలిచిన రాజు మూడు రోజులు తిరక్కుండానే గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. ఆ రాజు చెల్లెలే పైడిమాంబ అనీ, పెద్దచెరువులో విగ్రహంగా దొరికిందనీ జనం నమ్మకం. ఓడిన బొబ్బిలి పక్షాన మన సినిమాలూ బుర్రకథలూ నిలబడ్డాయి, అది న్యాయమే. గెలిచిన ఊరు మాత్రం పాపారాయుడి కత్తి తన ఇంటికి తెచ్చిన దుఃఖాన్ని దేవతగా కొలుచుకుంటూ వస్తోంది. ఈ సంగతి ఇక్కడ పూజారితో, కొబ్బరికాయల అమ్మితో నాలుగు మాటలు మాట్లాడితేనే తెలుస్తుంది.

గుడి ముందు కూడలిని మూడు లాంతర్లు అంటారు. ఆ లాంతర్ల పాత స్తంభాన్ని 2020లో తొలగించారు, పేరు మాత్రం ఆటోవాళ్ల నోట బతికే ఉంది. అక్కడ నిలబడ్డప్పుడు మా ఇద్దరికీ మనసు కలుక్కుమంది. ఊరి అందం పెంచడానికి ఊరి ఆనవాళ్లు తీసేయనక్కర్లేదు. పెద్దచెరువు గట్టు, అయ్యకోనేరు, పాత మేడలు మిగిలి ఉన్నాయి. వాటినైనా కాపాడుకోమని పురపాలకులనీ, అంతకంటే ముందు ఊరివాళ్లనీ అడుగుతున్నాం.

తిండి గురించి రెండు మాటలు. పొద్దున్న పూరీ, బొంబాయి చట్నీ ఏ చిన్న హోటల్లోనైనా బాగుంటాయి. మామిడి తాండ్ర కొంటే భీమాలిది అడగండి. “భీమాలి సరుకేనమ్మా, ముక్క నోట్లో ఏసుకుని సూడండి” అని కోసిచ్చింది బజార్లో ఓ ముసలామె. చూశాం, కొన్నాం.

ఒక రోజు కలిసొస్తే బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్లండి. అక్కడ పనస మానుని ఒకే దుంగగా తొలిచి వీణ చేస్తారు. ఆ ఉలి చప్పుడు విన్నాక కచేరీలో వీణ వినే తీరు మారుతుంది. మరో పక్క రామతీర్థం, ఆ కొండల మీద బౌద్ధుల కాలపు శిథిలాలు.

ఎప్పుడు వెళ్లాలని అడిగితే మా ఇద్దరిదీ చెరో మాట. ఆవిడ పైడితల్లి సిరిమానోత్సవానికి వెళ్లమంటుంది. దసరా వెళ్లిన మంగళవారం, ముందు రోజు తొలేళ్లు. పొడవైన చింతమాను చివర ఆసనం మీద పూజారి, ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు. గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది మాను. నేను మాత్రం ఏ హడావుడీ లేని చలికాలం వెళ్లమంటాను. హవ్‌డా–చెన్నై రైళ్లు ఆగే జంక్షన్ ఇది, రాయపూర్ లైను కూడా ఇక్కడే కలుస్తుంది. ఎటు నుంచైనా రావచ్చు. విశాఖలో గది తీసుకుని పూటలో చూసి పోదామనుకోవద్దు. ఇక్కడే ఒక రాత్రి ఉండండి. సాయంత్రం సంగీత కళాశాల మూసేలోపు ఆ వీధిలోకి వెళ్లండి.