రింగుల జుట్టు ఎండాకాలంలో ఎందుకు పొడిబారుతుంది?

మే నెలలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఆ వడగాలికి అందరి జుట్టూ ఎండుతుంది గానీ, రింగుల జుట్టు ముందుగా ఎండుతుంది. ఎందుకు?

మాడు మీది గ్రంథుల్లో సెబమ్ అనే నూనె ఊరుతుంది. నిటారు వెంట్రుక మీద అది కుదుళ్ల నుంచి కొసల దాకా సులువుగా జారుతుంది. రింగులుంటే మలుపు మలుపుకూ ఆగిపోతుంది. అందుకే మాడు జిడ్డుగా, కొసలు పొడిగా! పైగా వెంట్రుక పైపొర అంతా ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకున్న పొలుసులే. మలుపుల దగ్గర అవి కాస్త లేస్తాయి, లోపలి తేమ అక్కడినుంచి జారుకుంటుంది. ఆఫ్రికా మూలాలున్నవారి బిగుతు రింగుల్లో ఇది మరీ ఎక్కువ. అలాంటి కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళంలో పనిచేసిన సిద్దీల వారసులు హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఉంటున్నారు.

మరి ఏం చేయాలి? నూనె రాస్తే తేమ వస్తుందనుకుంటారు. రాదు. తేమ అంటే నీళ్లే. నూనె వాటిని తొందరగా ఆవిరి కానివ్వదు, అంతే. కాబట్టి తల తడిగా ఉన్నప్పుడే నాలుగు చుక్కల కొబ్బరినూనె కొసలకు పట్టించాలి. కుంకుడు రసం మంచిదే, కానీ చిక్కగా రోజూ పోస్తే ఉన్న జిడ్డంతా ఊడ్చేస్తుంది. చిక్కులు తడి మీదే, పెద్దపళ్ల దువ్వెనతో, కొసల నుంచి పైకి తీయాలి.

రాత్రి నూలు దిండు గలేబు తేమను పీలుస్తుంది, రింగులకు రాపిడి పెడుతుంది. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసే నున్నటి పాలిస్టర్ గుడ్డ దిండుకు చుట్టి చూడండి. ఉక్కపోస్తుందని అమ్మ కోప్పడితే, చుట్టింది దిండుకే గానీ తలకు కాదని చెప్పండి.