గేరుపెట్టెలోని నూనె చెప్పు సంగతులు

సామాన్యమైన మోటారుకారు నడుపువాడు ఎడమకాలితో క్లచ్చిని త్రొక్కి, చేతితో గేరు మార్చవలెను. ఆటోమాటిక్ గేరుపెట్టె గల కారులో నీ శ్రమ లేదు. ఇంజనునకును గేరుపెట్టెకును నడుమ, నూనెతో నిండిన గుండ్రని యుక్కుపాత్ర యొకటి యుండును. దానినే టార్కు కన్వర్టరందురు. జర్మను ఇంజనీరగు హెర్మన్ ఫోట్టింగర్ 1905వ సంవత్సరమున ఓడల యుపయోగమునకై దీనికి పేటెంటు పొందెను. అమెరికాలోని బ్యూయిక్ కంపెనీవారు తమ 1948వ సంవత్సరపు కార్లలో డైనాఫ్లో యను పేరుతో దీని నమర్చిరి.

మజ్జిగ చిలుకునపుడు కవ్వముతోపాటు కుండలోని మజ్జిగయు సుడి తిరుగును గదా. ఆ సుడిలో వేఱొక కవ్వమును వ్రేలాడదీసినచో నదియు తిరుగును. కన్వర్టరులో జరుగునదియు నట్టిదే. ఇంజనుతో తిరుగు ఱెక్కలచక్రము నూనెను విసరును. ఎదుటి చక్రము ఆ తాకిడికి తిరిగి గేరుపెట్టెను నడుపును. ఈ రెంటి నడుమ స్టేటరను మూడవ చక్రము కలదు. మరలివచ్చు నూనెను ఇంజను తిరుగు దిక్కునకే మళ్ళించుట దీని పని. కారు కదలు వేళ బలము ఇంచుమించు రెట్టింపగుట దీనివలననే. ఇది యొక దిక్కుననే తిరుగునట్లు లోపల బిగింపు గలదు.

కారు సరిగా నడువకున్నచో కొందఱు పనివారు వెంటనే గేరుపెట్టెను దింపుదురు. తొందర వారిది, ఖర్చు యజమానునిది. మొదట నూనెను చూడవలెను. కొలతకడ్డీ గల కార్లలో, నూనె వేడెక్కిన పిమ్మట, కారును చదునునేలపై నిలిపి, తఱచుగా ఇంజను తిరుగుచుండగనే చూతురు. కొన్ని కార్లకు పద్ధతి వేఱు. కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణము. నేటి కార్లు పెక్కింట కడ్డీయే యుండదు. క్రొత్తనూనె చాలవఱకు ఎఱ్ఱనిది. నల్లబడి మాడువాసన కొట్టినచో క్లచ్చి పలకలు కాలినవని తలంపవచ్చును. పాలు కలిపినట్లు గులాబిరంగున నున్నచో రేడియేటరు నీరు చొచ్చినది. అట్టి కారును నడుపనే రాదు. నూనె తగ్గినచో ఎచ్చటనో కారుచున్నదన్నమాట, ఏలయన గేరుపెట్టె నూనెను దహించునది కాదు.

స్టేటరు బిగింపు జారినచో కారు నిలిచినచోటునుండి బరువుగా కదలును. వేగమందుకొన్న పిమ్మట బాగుగనే పోవును. స్టేటరు కదలక పట్టుకొనిపోయినచో, కారు చక్కగనే బయలుదేరును గాని వేగము పెరుగదు, నూనె మిక్కిలి కాగును. ఈ భేద మెఱిగినవాడు రోడ్డుమీదనే సగము దోషమును కనిపెట్టును.

బ్రేకు గట్టిగా త్రొక్కి ఇంజనును పూర్తిగా పరుగెత్తించు పరీక్ష యొకటి కలదు. ఇంజను చుట్లు నిర్ణీతసంఖ్యకు తగ్గినచో ఇంజను నీరసమైనను స్టేటరు జారుటయైనను కారణము; మించినచో గేరుపెట్టెలోని క్లచ్చిలు జారుచున్నవి. అయిదు సెకండ్లకు మించి చేసినచో నూనె మాడును. ఆ వేళ కారునకు ముందుగాని వెనుకగాని ఎవరును నిలువరాదు. బాలురు దీనిని వినోదమునకై చేయరాదు.

చెడిన కారును, ఇంజను త్రిప్పు చక్రములు నేలపైనుండగా దూరము లాగికొనిపోరాదు. నూనెను త్రోయు పంపు ఇంజనుతోనే తిరుగును. ఇంజను ఆగినపుడు నూనె ప్రసరింపక లోపలి భాగము లొరసికొని చెడును. ఆ చక్రములను పైకెత్తి లాగవలెను. లేదా కారును లారీపై నెక్కించి తీసికొనిపోవలెను.