మంచులో తడవని ప్యాంటు : ఎంచుకునే విధానం
(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, పినపాక)

మంచు మీద జారే ఆటలకు ప్యాంటు ఎట్లా ఎంచుకోవాలో పినపాక పిల్లవాడు వ్యాసం రాయడమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. మా వైపు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున గోదావరి మీద కమ్ముకునే పొగమంచే గాని, కాలికింద కరకరలాడే మంచు మేమెవరం చూసింది లేదు. కాని గోదావరి ఆవలి ఒడ్డున వున్న చర్ల మండలానికి చెందిన ఆనంద్ కుమార్, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ తర్ఫీదు పొంది, టిబెట్ వైపునుంచి పైకి వెళ్ళారు. కాబట్టి మంచు మనకు సంబంధించని విషయమేమీ కాదు. గుల్మార్గ్‌లోనూ ఔలీలోనూ స్కీయింగ్ నేర్పుతారు. 2020లో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు కూడా మొదలైనాయి. రేపు మన కళాశాలనుంచి ఎవరికైనా అవకాశం వస్తే, చేతిలో వున్న కొద్ది డబ్బుతో ఏం కొనాలో తెలిసి వుండటం మంచిది. షాపువాడు చెప్పిందల్లా నమ్మడం కంటే, ఆ గుడ్డ ఎందుకు తడవదో మనమే తెలుసుకుంటే మోసపోయే అవకాశం తక్కువ.

తడిస్తే వచ్చే నష్టమేమిటి?

వానలో తడిసి ముద్దయి నాట్లు వేసిన వాళ్ళమే గదా, కాస్త తడిస్తే ఏమవుతుంది అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. ఒంటి వేడికి ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీల ఉష్ణం కావాలి. ప్యాంటులో 100 గ్రాముల నీరు ఇంకింది అనుకుందాం. అది ఒంటిమీదే ఆరాలంటే 58,000 కాలరీలు శరీరంనుంచే పోవాలి. 60 కిలోల మనిషి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గడానికి పోవలసిన వేడి సుమారు 50,000 కాలరీలే! మా పొలంలో అయితే చుట్టూ గాలి వెచ్చగా వుంటుంది, ఆ నష్టాన్ని శరీరం తేలిగ్గా పూడ్చుకుంటుంది. సున్నాకు దిగువన, ఎదురుగాలిలో, అలసిపోయిన శరీరం పూడ్చుకోలేదు. మామూలుగా 37 డిగ్రీలుండే లోపలి ఉష్ణోగ్రత 35 కంటే తగ్గితే ప్రమాద స్థితి. మొదట వణుకు, తర్వాత మాట తడబడటం, బుద్ధి మందగించడం, చివరికి ప్రాణం మీదికి రావడం. అంటే బ్రతుకుకూ ప్రమాదానికీ మధ్య తేడా రెండే రెండు డిగ్రీలు.

ఈ కారణం చేతనే మంచులోకి నూలు ప్యాంటు గాని జీన్స్ గాని పనికిరావు. నూలు పోగు నీటిని తనలోకి పీల్చుకుంటుంది, తొందరగా వదలదు. మన పెద్దవాళ్ళు వానాకాలం గొంగడి కప్పుకోవడంలో ఎంతో విజ్ఞానం వుంది. ఉన్ని పోగుకు సహజంగా వుండే జిడ్డు నీటిని పక్కకు జార్చుతుంది. పోగులు మెలి తిరిగి వుండటాన వాటి మధ్య గాలి నిలిచి, తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది.

నీరు ఎందుకు జారుతుంది?

చేమాకు మీద నీళ్ళు పోస్తే ముత్యాల్లా దొర్లిపోవడం అందరం చూసిందే. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని వుంటాయి. దీన్నే తలతన్యత అంటారు. ఆకు మీది మైనంలాంటి పూత నీటిని ఆకర్షించదు. ఆ కారణంగా నీరు పరుచుకోక బొట్టుగా ముడుచుకుంటుంది. మంచు ప్యాంటు పైగుడ్డకు కూడా ఇటువంటి రసాయనపు పూతే పూస్తారు. అయితే పూత ఒక్కటే చాలదు. ఒత్తిడి పడితే నీరు గుడ్డ సందుల్లోంచి దూరుతుంది. పూతకు లోపల నీరు దూరని పొర ఒకటి వుండాలి.

ఆ పొర చరిత్రలో బొగ్గుకూ చోటు వున్నది. మణుగూరు పక్కన పుట్టి పెరిగిన మాకు ఇది చదివినప్పుడు ముచ్చటేసింది. బొగ్గును గాలి తగలకుండా వేడి చేస్తే తారు వస్తుంది. ఆ తారునుంచి నాఫ్తా అనే ద్రవం తీస్తారు. స్కాట్లండుకు చెందిన చార్లెస్ మాకింటోష్ రబ్బరును నాఫ్తాలో కరిగించి, ఆ జిగురును రెండు గుడ్డల మధ్య పూసి, 1823లో పేటెంటు పొందాడు. వానకోటు పుట్టింది అట్లా. కాని ఆ రబ్బరు చలికి బిర్రబిగుసుకునేది, ఎండకు అతుక్కునేది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే అమెరికా దేశస్థుడు రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ దోషం పోతుందని కనుగొన్నాడు.

ఐనా ఇంకో చిక్కు మిగిలింది. చెమట సంగతి! యూరియా బస్తాని ఒక మూల లోపలికి మడిచి నెత్తిన తొడుక్కుని, నడుముకు పాలిథీన్ కాగితం చుట్టుకుని నాట్లేసే ఆడవాళ్ళను అడగండి. వాన లోపలికి రాదు, నిజమే. గంటసేపట్లో లోపలి చెమటకే రవికె తడిసిపోతుంది. వానను ఆపిన కాగితమే ఆవిరినీ ఆపింది. మంచులో ఇది మరీ చెడ్డది. ఎగువకు నడిచేటప్పుడు పట్టిన చెమట, ఆగి కూర్చున్న వెంటనే చల్లబడిపోతుంది.

దీనికి పరిష్కారం 1969లో దొరికింది. వంట పెనాల మీద పూసే టెఫ్లాన్ జాతి ప్లాస్టిక్ కడ్డీని బాబ్ గోర్ వేడిచేసి, మెల్లగా కాక ఒక్క ఊపుతో లాగాడు. అది తెగిపోకుండా ఎన్నోరెట్లు సాగి, లోపలంతా కంటికి కనబడని రంధ్రాలేర్పడ్డాయి. దాన్ని పలుచని పొరగా చేసి గుడ్డకు అతికించి గోర్‌టెక్స్ పేరుతో 1976నుంచి అమ్ముతున్నారు. ఆ రంధ్రం నీటి బొట్టుకంటే సుమారు 20,000 రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువుకంటే సుమారు 700 రెట్లు పెద్దది. అనగా బయటి నీరు లోపలికి రాలేదు, లోపలి ఆవిరి బయటికి పోగలదు. ఇప్పుడు చాలా కంపెనీలు పాలియురిథేన్‌తో తక్కువ ధరకు ఇటువంటి పనిచేసే పొరలు తయారు చేస్తున్నాయి.

చీటీ మీది అంకెల అర్థం

ప్యాంటుకు కట్టిన చీటీ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో వుంటుంది : 5,000, 10,000, 20,000 ఇట్లా. గుడ్డ మీద నిలువు గొట్టం పెట్టి నీళ్ళు పోస్తూ పోతే, ఎంత ఎత్తు నీటి బరువు వరకు కారకుండా ఆగుతుందో ఆ కొలత అది. 10,000 అంటే పది మీటర్ల నీరు. ఒక మంచి బావి లోతు! ఇంత అవసరమా అని అనుమానం వస్తుంది. మళ్ళీ లెక్కే వేద్దాం. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున ఒత్తుతుంది. 60 కిలోల మనిషి తడిమంచులో కూర్చుంటే, ఆనే చోటు సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒత్తిడి 0.1 కిలో, అనగా 1,000 మిల్లీమీటర్లు. అదే మనిషి బరువంతా ఒక్క మోకాలి మీద, 50 చదరపు సెంటీమీటర్ల చోట మోపితే ఒత్తిడి 1.2 కిలోలు, అనగా 12,000 మిల్లీమీటర్లు! కాబట్టి పొడిమంచులో ఎక్కువగా నిలబడి వుండేవారికి 5,000 సరిపోవచ్చు గాని, నేర్చుకునేవారు పడుతూ లేస్తూ వుంటారు గనుక 10,000కు తగ్గకూడదు. తడిమంచులో రోజంతా గడిపేవారికి 15,000 నుంచి 20,000 మేలు.

రెండవ అంకె గ్రాములలో వుంటుంది. ఒక చదరపు మీటరు గుడ్డ గుండా 24 గంటల్లో ఎంత ఆవిరి బయటికి పోతుందో అది చెపుతుంది. 10,000 అంటే గంటకు సుమారు 416 గ్రాములు. గట్టిగా శ్రమపడే మనిషికి గంటకు లీటరు దాకా చెమట పట్టవచ్చు. ఇటువంటి పొర అంత చెమటనంతా దాటించలేకపోవచ్చు. అందుకే తొడల పక్కన జిప్పుతో తెరుచుకునే గాలి సందులున్న ప్యాంటు తీసుకోవాలి.

"వాటర్‌ప్రూఫ్" అన్న మాటకూ "వాటర్ రెసిస్టెంట్" అన్న మాటకూ తేడా వున్నది. రెండవది కాసేపు మాత్రమే ఓర్చుకుంటుంది.

కుట్లు, కొలతలు

గుడ్డ ఎంత మంచిదైనా సూది పొడిచిన ప్రతిచోటా ఒక రంధ్రం వున్నట్టే. పొలం గట్టుకు ఒక్క ఎండ్రకాయ బొక్క పడితే మడిలో నీరంతా ఎట్లా పోతుందో తెలిసిందే గదా! ప్యాంటు తిరగేసి చూడండి. కుట్లన్నిటి మీద టేపు అతికించి వుంటే మంచిది. కొన్నిటికి పిరుదులు, మోకాళ్ళవంటి ముఖ్యమైన చోట్ల మాత్రమే వేస్తారు. అవి చౌక.

ఆటను బట్టి కూడా ఎంపిక మారుతుంది. స్కీయింగ్‌లో రెండు కాళ్ళకు రెండు పలకలు. వాటి ఉక్కు అంచులు రాసుకుని ప్యాంటు పాదాల దగ్గర లోపలి వైపు చిరుగుతుంది. అక్కడ గట్టి గుడ్డ అదనంగా వుండాలి. స్నోబోర్డింగ్‌లో రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగిస్తారు. బిగించడానికీ విశ్రాంతికీ మంచులోనే కూర్చోవాలి, మోకరిల్లాలి. వాళ్ళకు పిరుదుల దగ్గరా మోకాళ్ళ దగ్గరా రెండు పొరలు అవసరం. ఏ ఆటకైనా బూటు మీద బిగుసుకునే సాగుడు పట్టీ వుంటేనే మంచు కాలిలోకి దూరదు. భుజాల పట్టీలతో రొమ్ము దాకా వచ్చే బిబ్ రకమైతే, పడినప్పుడు నడుములోంచి మంచు పోదు.

లోపల దూది పెట్టిన ప్యాంటు వెచ్చగానే వుంటుంది గాని, ఎగువకు నడిస్తే ఉడకబోస్తుంది. దూది లేని పైతొడుగు కొని, లోపల ఉన్నిదో పాలియెస్టరుదో థర్మల్ వేసుకుంటే చలిని బట్టి మార్చుకోవచ్చు. షాపులో ఆ లోపలి బట్టలతోనే తొడిగి, గొంతుక్కూర్చుని, మోకాలు రొమ్ముదాకా ఎత్తి చూడాలి. ఎక్కడా పట్టేయకూడదు. రంగు కూడా కొట్టొచ్చేదిగా వుంటే, తెల్లటి మంచులో మనిషి దూరంనుంచే కనిపిస్తాడు.

కొన్న తర్వాత

కొంతకాలం వాడాక పైపూత అరిగిపోతుంది. నీరు బొట్టుకట్టడం మాని గుడ్డలో ఇంకుతుంది. లోపలి పొర కారకపోయినా పైగుడ్డ తడిసి వుండటాన ఆవిరి బయటికి పోలేదు. లోపలి చెమట చూసి "కారుతున్నది" అని చాలామంది పారేస్తారు. పారేయనక్కరలేదు. శుభ్రంగా ఉతికి, మృదువుగా చేసే ద్రవాలు వేయకుండా బాగా జాడించి, చీటీలో చెప్పిన మేరకు కొద్ది వేడి తగిలిస్తే పూత చాలావరకు మళ్ళీ పనిచేస్తుంది. అప్పటికీ పని చేయకుంటే స్ప్రే పూత దొరుకుతుంది.

ఈ పూతలలో పాతకాలపు ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలో, నీటిలో విరగకుండా నిలిచిపోతాయి. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందపు నిషేధ జాబితాలో చేర్చారు. ఫ్లోరిన్ లేని పూత అని చీటీ మీద వుంటే దాన్నే ఎంచుకోవడం న్యాయం. మన చెరువులూ పొలాలూ కూడా ఆ నీటి మీదే ఆధారపడ్డవి గదా.

ఇక డబ్బు సంగతి. ఒక్కసారి కోర్సుకు వెళ్ళేవారు కొత్తది కొనవలసిన పని లేదు. కోర్సులో ఏ సామాను ఇస్తారో ముందుగానే ఉత్తరం రాసి తెలుసుకోవాలి. గుల్మార్గ్, మనాలీ వంటి చోట్ల అద్దెకు దొరుకుతాయి. అద్దె ప్యాంటైనా సరే మోకాలి మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి చూడండి, తిరగేసి టేపు ఊడిందేమో చూడండి, జిప్పులు రెండుసార్లు లాగి చూడండి. డబ్బు తక్కువైతే రంగూ పేరూ వదులుకోండి గాని, కుట్ల టేపునూ 10,000 అంకెనూ వదులుకోవద్దు.

చివరగా ఒక మాట. చెమటను వదులుతూ వానను ఆపే ఈ గుడ్డ ఇప్పటివరకు ఆటలాడేవారికే ఎక్కువగా అందింది. ఆషాఢ శ్రావణాల్లో రోజంతా వంగి నాట్లేసే మనిషికి దాని అవసరం అంతకంటే తక్కువేమీ కాదు. యూరియా బస్తా స్థానంలో తక్కువ ఖర్చుతో అటువంటి తొడుగు తయారు చేయడం రసాయనశాస్త్రం చదువుకునే మనబోటివాళ్ళకు తగిన పని. మిత్రులెవరైనా దాని మీద ప్రాజెక్టు చేయదలిస్తే పరీక్ష చేయడానికి మా మడి వున్నది, వానకు కొదువ లేదు.